గంటల లెక్క

ఇంట్లో కరెంటు పొదుపు మాట వచ్చినప్పుడల్లా మనకు రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి లైటార్పండి, చార్జరు తీసేయండి అంటూ గోడ మీది నినాదంలా మాట్లాడుతుంది. రెండోది ఇదంతా కంటితుడుపేనని, పెద్ద వాడకందార్లను వదిలేసి సంసారుల మీద పడ్డారని అంటుంది. నాకు రెండిటిలోనూ లోటే కనిపిస్తుంది. మొదటిది లెక్క చెప్పదు, రెండోది లెక్క వేయకముందే పెదవి విరుస్తుంది. అందుకే లెక్క తెలిసిన ఇద్దరిని ఊహించుకుని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు విద్యుత్ పంపిణీ సంస్థలో జీవితమంతా పనిచేసి రిటైరైన మామయ్య. ఇంకొకరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేనకోడలు. ఊరు విజయవాడ, కాలం ఏప్రిల్ నెలాఖరు. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మామయ్య వాదన గట్టిది, దాన్ని పలచన చేసి చెప్పదలచుకోలేదు.

మామయ్య: ఏటా డిసెంబరు 14 వస్తే ఇంధన పొదుపు వారోత్సవాలని బ్యానర్లు కట్టేవాళ్లం అమ్మాయ్. స్కూలు పిల్లలతో ర్యాలీ, వ్యాసరచన పోటీ, చివరికి ఒక ప్రతిజ్ఞ. మర్నాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. దేశంలో వాడే కరెంటులో ఇళ్ల వాటా సుమారు నాలుగో వంతు. మిగిలిన మూడు వంతులూ ఫ్యాక్టరీలు, పొలాల మోటార్లు, దుకాణాలు, ఆఫీసులు. పైగా పంపిణీ వ్యవస్థలోకి వచ్చిన వంద యూనిట్లలో పదిహేను దాకా తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో, దొంగ కనెక్షన్లలో, వసూలు కాని బిల్లుల్లో పోతాయి. అవన్నీ అలాగే ఉంచి, సాయంత్రం వరండాలో లైటు వేసుకున్న ఇల్లాలిని దోషిలా చూడటం నాకు ఎప్పుడూ రుచించలేదు. ఆమె చార్జరు ప్లగ్గు పీకేసినా నెలాఖరుకు బిల్లులో ట్రూ అప్ అనే సర్దుబాటు చార్జీ పడుతూనే ఉంటుంది. దోసిలితో చెరువు ఎండగట్టమంటే ఎవరికైనా విసుగు రాదా?

మేనకోడలు: వస్తుంది మామయ్యా, ఆ విసుగు న్యాయమైనదే. కానీ తప్పు పొదుపుది కాదు, ఎక్కడ పొదుపు చేయాలో చూపించినవాళ్లది. చార్జరు సంగతే చూడండి. ఫోను తగిలించని మంచి చార్జరు అర వాటు కూడా లాగదు. నెలంతా గోడకే వదిలేసినా మూడో వంతు యూనిట్ దాటదు. దాన్ని పీకమని చెప్పీ చెప్పీ జనానికి పొదుపంటే నమ్మకం లేకుండా చేశారు. టీవీ కింద ఉండే సెట్‌టాప్ బాక్సు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. రిమోటుతో ఆపినా పాత బాక్సు పది వాట్ల వరకు లాగుతూనే ఉంటుంది. పది వాట్లు అంటే మాటేముంది అనిపిస్తుంది కానీ, ఇరవై నాలుగు గంటలూ ముప్పై రోజులూ లాగితే ఏడు యూనిట్లు. గోడ దగ్గర స్విచ్చి ఆపడానికి పైసా ఖర్చు లేదు. వేయి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ అని పిల్లలకు చెబుతాం. అందులో వాట్లే అందరికీ గుర్తుంటాయి, గంటలు మరిచిపోతాం. ఇస్త్రీపెట్టె వేసినప్పుడు మీటరు గిర్రున తిరిగిందని కంగారు పడతాం. అది వేసేది పావుగంట. తల మీద తిరిగే ఫ్యాను రోజుకు పదహారు గంటలు తిరుగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు సీలింగు ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు డెబ్బై అయిదు వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడొచ్చే, బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని ముప్పై వాట్లతో ఇస్తుంది. పదహారు గంటల మీద ఆ తేడా నెలకు ఇరవై ఒక్క యూనిట్లు. అరవై ఇళ్ల చార్జర్లు పీకితే మిగిలే కరెంటు ఒక్క ఫ్యాను మార్చితే మిగులుతుంది.

మామయ్య: లెక్క బాగుంది, కానీ బోర్డు మీద లెక్క వేరు, ఇల్లు వేరు. ఫ్యాను ఎప్పుడూ అయిదు మీదే తిరగదు. కొత్త రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఉన్న ఇంట్లో మూడు మీద పెడితే మామూలు ఫ్యాను కూడా సగం వరకు తగ్గుతుంది. నీ నలభై అయిదు వాట్ల తేడా అక్కడ సగానికి సగం పడిపోతుంది. ఇంకో సంగతి. మామూలు ఫ్యాను పదిహేను వందలకు దొరికితే నువ్వు చెప్పే ఫ్యాను మూడు వేలు. కూలి పని చేసుకునే మనిషిని ఆ మూడు వేలు ముందే తెచ్చి పెట్టమంటావా? ఆంధ్రప్రదేశ్ 2022-23 టారిఫ్ చూడు. ముప్పై యూనిట్ల దాకా యూనిట్ రూపాయి తొంభై పైసలు, డెబ్బై అయిదు దాకా మూడు రూపాయలు. డెబ్బై యూనిట్లు కాల్చే ఇంట్లో నీ ఇరవై యూనిట్లు మిగిలితే మిగిలేది అరవై రూపాయలు. ఫ్యాను డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. పేదవాడికి అది పొదుపు కాదు, అప్పు.

మేనకోడలు: రెగ్యులేటరు విషయంలో మీరన్నది నిజం. అందుకే గోడకు ఇంకా ఆ పాత డబ్బా రెగ్యులేటరు ఉన్న ఇల్లయితే ముందు దాన్ని మార్చమంటాను. అది స్పీడు తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా మార్చి పారేస్తుంది, ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. రెండు మూడు వందల్లో అయిపోయే పని. అయితే మన కోస్తాలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఎవరి ఫ్యాను మూడు మీద ఉంటుంది మామయ్యా? ఉక్కపోతలో అయిదు మీద కూడా చాలదు. ఇక శ్లాబుల సంగతి. మీరు చెప్పిన టారిఫే పైనుంచి చదవండి. నూట ఇరవై అయిదు దాటితే ఆరు రూపాయలు, రెండు వందల ఇరవై అయిదు దాటితే ఎనిమిది రూపాయల డెబ్బై అయిదు పైసలు. బిల్లు కింది మెట్టు నుంచి పైకి కడతారు, కానీ పొదుపు పైమెట్టు నుంచి కిందికి దిగుతుంది. నెలకు రెండు వందల అరవై యూనిట్లు కాల్చే ఇంట్లో రెండు ఫ్యాన్లు మార్చితే పోయే నలభై మూడు యూనిట్లలో ముప్పై అయిదు ఆ ఎనిమిది ముప్పావు మెట్టు మీదివి. ఆ నెల బిల్లులో మూడు వందల యాభై రూపాయల పైచిలుకు తగ్గుతుంది. చలికాలం నెలలు తీసేసినా రెండేళ్లలో ఫ్యాన్ల ఖరీదు వచ్చేస్తుంది. సగటున యూనిట్ ఇంత అని బిల్లును యూనిట్లతో భాగించి చూసుకునేవాళ్లకు ఇది కనపడదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇంటికయితే ఎండాకాలంలో ఆ గీత దాటడమా, దాటకపోవడమా అన్నదే నెల ఖర్చును తేల్చేస్తుంది. పది యూనిట్ల పొదుపు అక్కడ పది యూనిట్ల ధర కాదు, మొత్తం బిల్లు.

పేదింటి సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు, కాదనను. కానీ ఆ లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లండి. మూడు రూపాయలకు అమ్మే యూనిట్ మీ సంస్థకు అంతకంటే ఎక్కువ ఖర్చు మీదే వస్తుంది కదా. తేడా ప్రభుత్వం సబ్సిడీగానో, పై మెట్టువాళ్లు ఎక్కువ కట్టో పూడుస్తున్నారు. అంటే డెబ్బై యూనిట్ల ఇంట్లో ఇరవై మిగిలితే ఆ ఇంటికి అరవై రూపాయలు, ప్రభుత్వానికి అంతకంటే ఎక్కువ మిగులుతుంది. లాభం ఎవరికి ఎక్కువో ఫ్యాను డబ్బులో వాటా వాళ్లే పెట్టాలి. పేదవాడి చేత అప్పు చేయించమని నేనూ అనను.

మామయ్య: వాటా సంగతి తర్వాత చూద్దాం. ముందు దీనికి జవాబు చెప్పు. 1865లో జెవన్స్ అని ఇంగ్లండు ఆర్థికవేత్త ఒకాయన బొగ్గు మీద పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం నేర్చుకున్న కొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది అన్నాడు. చవకైతే ఎక్కువ వాడతారు. మన ఇళ్లలో నేను చూసిందీ అదే. ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లే కదా అని ఒక్క బల్బు ఉన్నచోట నాలుగు పెట్టారు, సీలింగుకు రంగు దీపాల వరస, మెట్ల దగ్గర తెల్లవార్లూ లైటు. ఫ్యాను మీద మిగిలిన డబ్బును రేపు ఏసీ వాయిదాకు కడతారు. అప్పుడు నీ పొదుపు ఎక్కడికి పోయినట్టు?

మేనకోడలు: జెవన్స్ మాట్లాడింది ఫ్యాక్టరీలు, రైళ్లు నడిపే బొగ్గు గురించి. ఆ యంత్రాలతో చేయదలచిన పనికి అంతు లేదు, చవకైన కొద్దీ కొత్త పని పుట్టింది. ఇంట్లో కొన్ని అవసరాలు అలాంటివి కావు, వాటికి ఒక హద్దు ఉంటుంది. ఫ్యాను చవకగా తిరుగుతోందని ఎవరూ రోజుకు ముప్పై గంటలు వేసుకోలేరు. ఒక గదిలో రెండు ఫ్యాన్లు పెట్టుకోరు. ఫ్రిజ్ ఇప్పటికే ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పట్టవు కదా, అలాంటి చోట మిగిలింది దాదాపుగా మిగిలినట్టే. దీపాల విషయంలో కొంత తిరిగి ఖర్చయిందని ఒప్పుకుంటాను. అయినా అరవై వాట్ల బల్బు స్థానంలో తొమ్మిది వాట్లవి నాలుగు పెట్టినా ముప్పై ఆరే అవుతుంది. ఆ ఇంట్లో పిల్లలు ఇదివరకటికన్నా మంచి వెలుతురులో చదువుకుంటుంటే దాన్ని నష్టం కింద రాయడానికి నాకు మనసొప్పదు.

ఏసీ దగ్గర మాత్రం మీ భయం నిజమైనదే. అక్కడ కోరికకు హద్దు లేదు, పద్దెనిమిదికి పెట్టుకుని దుప్పటి కప్పుకునేవాళ్లున్నారు. అందుకే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. ఒక్కో డిగ్రీ పైకి జరిపితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. రాత్రి ఎనిమిది గంటలు నడిచే ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రికి ఎనిమిది యూనిట్లు తాగుతుందనుకుందాం. 24ను 26 చేసి, పైన ముప్పై వాట్ల ఫ్యాను వేసుకుంటే ఫ్యాను ఖర్చు పోను నెలకు ఇరవై యూనిట్ల పైన మిగులుతాయి. గాలి కదులుతుంటే ఒంటి మీది చెమట ఆరుతుంది కాబట్టి ఆ రెండు డిగ్రీల తేడా తెలియదు. ఏసీ కొనొద్దని ఎవరికీ చెప్పను. ఈ ఎండల్లో ముసలివాళ్లకూ పసిపిల్లలకూ అది ప్రాణావసరమే కావచ్చు. కానీ దాన్ని ఎంత పని చేయిస్తున్నాం అన్నది గది చేతిలో ఉంది.

మామయ్య: గది చేతిలో కాదమ్మా, పైకప్పు శ్లాబు చేతిలో ఉంది. పగలంతా కాలిన శ్లాబు రాత్రి పదకొండు దాకా నెత్తి మీద సెగ కక్కుతుంటే ఏ ఫ్యాను గాలీ చల్లగా ఉండదు. నీ బీఎల్‌డీసీ ఫ్యాను అదే వేడిగాలిని తక్కువ ఖర్చుతో మన మీదికి తోస్తుంది, అంతే తేడా. పాత పెంకుటిళ్లు పోయాయి, మండువా లోగిళ్లు పోయాయి, వాకిట్లో చలువ పందిరి వేసే చోటు పోయింది. సందుకు సందు ఆనుకున్న కాంక్రీటు పెట్టెల్లో జనం బతుకుతున్నారు. ఆ పెట్టెను మార్చకుండా లోపల స్విచ్చీల గురించి మాట్లాడితే ఏం లాభం?

మేనకోడలు: మీరు నా మాటే నాకంటే బాగా చెప్పారు. కానీ పెట్టెను కూల్చక్కర్లేదు, దాని మూతకు రంగు మార్చితే చాలా వరకు పని జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద సుమారు వేయి వాట్ల ఎండ పడుతుంది. అరవై గజాల డాబా అంటే యాభై చదరపు మీటర్లు, అంటే యాభై కిలోవాట్లు. మనం గదిలో పెట్టుకునే ఒకటిన్నర టన్ను ఏసీ బయటికి తోడగలిగిన వేడి అయిదు కిలోవాట్ల పైచిలుకు మాత్రమే. పాతబడి నల్లబడ్డ శ్లాబు ఆ ఎండలో ఎక్కువ భాగాన్ని మింగి దాచుకుంటుంది. తెల్లగా సున్నం కొట్టిన శ్లాబు ఎక్కువ భాగాన్ని ఆకాశంలోకే తిప్పి పంపుతుంది. వేడిని లోపలికి రానిచ్చి డబ్బు పెట్టి తోడేయడం కన్నా గుమ్మంలోనే ఆపేయడం తేలిక కదా. పేదవాడికి ఏం మిగులుతుందని అడిగారే, అతనికి నేను ముందు చెప్పేది ఫ్యాను కాదు, ఈ సున్నం. మనంతట మనమే కొట్టుకుంటే ఖర్చు వందల్లో తేలిపోతుంది. బిల్లులో దాని ఫలితం పెద్దగా కనపడకపోవచ్చు, ఎందుకంటే అతనికి ఏసీ లేదు. అతని నిద్రలో కనపడుతుంది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి కొలిచి చూశారు. లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఆ తర్వాత 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులను అలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది.

కిటికీల దగ్గరా ఇదే సూత్రం. పడమటి కిటికీకి లోపల మందపాటి కర్టెన్ కడతాం. ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే కర్టెన్ బదులు ఒక తడికను బయట కడితే వేడి బయటే ఆగిపోతుంది. వెనకటివాళ్లు వట్టివేళ్ల తడికలు బయటి వైపు వేలాడదీసి నీళ్లు చల్లింది తెలియక కాదు. డాబా మీద నాలుగు కర్రలు పాతి తాటాకు పందిరి వేసినా, పచ్చ షేడ్ నెట్ కట్టినా అంతే ఫలితం. గాలిదుమారానికి ఎగిరిపోకుండా గట్టిగా కట్టుకోవాలి, అంతే.

మామయ్య: సున్నం రెండు వానలకు కొట్టుకుపోతుంది. దుమ్ము పడితే మూడు నెలలకే బూడిద రంగు తిరుగుతుంది. ఖరీదైన కూల్ పెయింటు నాలుగైదేళ్లు నిలుస్తుందేమో కానీ అది తక్కువ ఖర్చు కాదు. పైగా రెండు డిగ్రీలు అంటున్నావు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో రెండు డిగ్రీలు ఏ మూలకు?

మేనకోడలు: సున్నం వానకు పోతే పోనివ్వండి మామయ్యా. దాని అవసరం మార్చి నుంచి తొలకరి దాకానే. పండుగకు గోడలకు సున్నం వేసినట్టు ఎండాకాలానికి ముందు డాబాకు వేసుకోవడం ఏటా చేసే పని అనుకుంటే సరి. కాస్త బంక కలిపితే అంత త్వరగా రాలదు, నెలకోసారి చీపురుతో కడిగితే తెలుపు నిలుస్తుంది. రెండు డిగ్రీల సంగతి అంటారా, మిట్టమధ్యాహ్నం కన్నా రాత్రి దాని విలువ తెలుస్తుంది. శ్లాబు పగలు దాచుకున్నది తక్కువైతే రాత్రి కక్కేదీ తక్కువ. ఏసీ ఉన్న ఇంట్లో అది గంట ముందే ఆగుతుంది. ఏసీ లేని ఇంట్లో మనుషులు గంట ముందు నిద్రపోతారు. అసలు రాత్రి పూట మిగిలే యూనిట్ విలువ నాకంటే మీకే బాగా తెలియాలి.

మామయ్య: తెలుసు. ఆ మాట దాచను. పగలు సోలారు కరెంటు దండిగా వస్తోంది, కొన్ని మధ్యాహ్నాలు దాన్ని ఏం చేయాలో తెలియని పరిస్థితి. సూర్యుడు దిగిపోయాక లోడు మాత్రం దిగదు. అందరూ ఇంటికి చేరి ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, వంటింటి మిక్సీలు ఒక్కసారి వేస్తారు. అప్పుడు ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం బాయిలర్లు పూర్తిగా మండాలి. అవీ చాలకపోతే విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ పది రూపాయల గరిష్ఠ ధర దాకా పెట్టి కొన్న రోజులున్నాయి. అలా కొన్న భారమే తర్వాత నీ బిల్లులో సర్దుబాటు చార్జీగా తిరిగి వస్తుంది. బొగ్గులో ఉన్న వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. అందులోనూ కొంత దారిలో పోతుంది. ఇంటి దగ్గర ఒక్క యూనిట్ ఆగితే కేంద్రం దగ్గర సుమారు ముప్పావు కిలో బొగ్గు ఆగుతుంది. ఈ లెక్క ఆఫీసులో కాగితాల మీద చాలాసార్లు వేశాం. కానీ మా చర్చంతా ఇంకో ప్లాంటు ఎక్కడ కట్టాలి అన్న దాని మీదే నడిచేది, ఇంటి కప్పు మీదికి ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ నేను కాస్త కలగజేసుకోవాలి. మామయ్య ఒప్పుకున్నంత మాత్రాన వాదం తేలిపోలేదు. ఆయన మొదట అడిగిన పెద్ద ప్రశ్న అలాగే ఉంది, నాలుగో వంతు వాటా ఉన్న ఇళ్ల మీద ఎందుకు పడతారని. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నకు జవాబు ఆయన మాటల్లోనే ఉంది. సగటు వాటా నాలుగో వంతైనా, రాత్రి పీక్‌ను పైకి లేపేవాటిలో ఇళ్లది పెద్ద చేయి. ఆ వేళ కరెంటు ఖరీదూ ఎక్కువ, మసీ ఎక్కువ. ఇంకో మాట కూడా చెప్పాలి. జనానికి ఈ గంటల లెక్క తెలియకపోవడం వల్లే ప్లగ్గులో పెడితే బిల్లు ముప్పై నలభై శాతం తగ్గుతుందంటూ పవర్ సేవర్ డబ్బాలు అమ్ముకునేవాళ్లు బతుకుతున్నారు. ఆ డబ్బాలో ఉండేది ఒక కెపాసిటర్, దాన్ని చూపించే చిన్న దీపం. ఇంటి బిల్లును మీటరులో నమోదైన యూనిట్ల మీద వేస్తారు, ఆ డబ్బా వాటిని తగ్గించలేదు. లెక్క తెలిసిన ఇల్లాలిని అలా మోసం చేయడం కష్టం. సంభాషణ ఇప్పుడు వంటింటికి, నీళ్ల మోటారు దగ్గరికి వెళ్లింది, అక్కడ ఇద్దరికీ పేచీ తక్కువ కనుక త్వరగానే ముగిసింది.

మామయ్య: గ్యాసు గురించి కూడా ఏదో ఒకటి చెబుతావుగా?

మేనకోడలు: ఒక్కటే చెబుతాను. ఎసరు తెర్లాక మంట తగ్గించి మూత పెట్టాలి. నీళ్లు మరిగేది వంద డిగ్రీల దగ్గరే. మంట ఎంత పెంచినా గిన్నెలో వేడి వంద దాటదు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది, గ్యాసు ఎక్కువ పోతుంది. పప్పు నానబెట్టి కుక్కరులో పెట్టడం మా అమ్మమ్మల కాలం నుంచీ తెలిసినదే. దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే కాబట్టి ఇది ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. స్నానానికి బకెట్ నీళ్లు పదిహేను డిగ్రీలు వేడి చేయడానికి మూడో వంతు యూనిట్ పైనే కావాలి. ఎండాకాలం ట్యాంకులో నీళ్లు ఎలాగూ కాగే ఉంటాయి కనుక ఆ నెలల్లో గీజరు మెయిన్ స్విచ్చే తీసేయొచ్చు. నీళ్ల మోటారు ఒక హార్స్‌పవరుది ట్యాంకు నిండాక అరగంట పొర్లితే సుమారు అర యూనిట్ పోయినట్టు, దానికి తోడు నీళ్లు. ఫ్లోటు స్విచ్చి ఖరీదు ఎక్కువేమీ కాదు.

మామయ్య: సరే. ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాటకు వద్దాం. దీపాల పొదుపు విజయమంటావు. అది జనం లెక్క వేసుకుని చేసింది కాదు. 2014లో ఎల్‌ఈడీ బల్బును ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కొక్కటి మూడు వందల పది రూపాయలకు కొంది. కోట్ల బల్బులకు ఒక్కసారే టెండర్లు పిలుస్తూ పోయేసరికి 2016 కల్లా ముప్పై ఎనిమిది రూపాయలకు దిగింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద ముప్పై ఆరు కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. మా కౌంటర్ల దగ్గర నిలబడి తీసుకెళ్లిన వాళ్లలో వాట్లంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎంతమంది? ధర దిగింది, జనం కొన్నారు. కాబట్టి నువ్వు ఇంటింటికీ పాఠం చెప్పడం కంటే ప్రభుత్వం చేత టెండరు వేయించడం మేలు.

మేనకోడలు: దాంట్లో నాకు అభ్యంతరం లేదు, అదే నేనూ కోరుతున్నాను. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. అదే ఏడాది నవంబరులో ఈఈఎస్‌ఎల్ కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించింది. ఫ్యాను బల్బంత చవక కాలేదు, ఎందుకంటే అందులో రాగి ఉంది, అయస్కాంతాలున్నాయి, చిన్న సర్క్యూటు ఉంది. ముప్పై ఎనిమిది రూపాయల కథ అక్కడ మళ్లీ జరగదు. అందుకే మూడు రూపాయల మెట్టు మీదున్న ఇళ్లకూ, సున్నా బిల్లు ఇళ్లకూ ఫ్యాను ఖరీదులో ప్రభుత్వ వాటా ఉండాలంటున్నాను. ఆ ఫ్యాను ఏటా మిగిల్చే రెండు వందల యూనిట్ల సబ్సిడీ ఎలాగూ ఖజానాకే మిగులుతుంది. అయితే పాఠం అక్కర్లేదన్న మాట ఒప్పుకోను. బల్బు మార్చిన ఇల్లు వెలుతురు తేడా చూసింది, అది కళ్లకు కనిపించేది. ఫ్యాను మార్చితే గాలి అంతే వస్తుంది, తేడా మీటరులోనే కనిపిస్తుంది. మీటరు చదవడం తెలియని ఇంటికి మూడు వేల వస్తువు ఎందుకు మంచిదో ఎవరు చెబుతారు? ఆదివారం పొద్దున, మళ్లీ ఆదివారం పొద్దున మీటరు అంకెలు క్యాలెండరు మీద రాసుకుంటే చాలు. వారానికి ఎన్ని యూనిట్లో తెలుస్తుంది, పక్క మెట్టు ఎక్కబోతున్నామా అన్నది బిల్లు రాకముందే తెలుస్తుంది.

మామయ్య: చివరిగా ఒకటి. ఈ ఊళ్లో సగం సందుల్లో ఉన్నది అద్దె ఇళ్లు. ఫ్యాను ఇంటివాడిది, బిల్లు అద్దెవాడిది. ఇంటివాడు ఖరీదు ఎక్కువ ఫ్యాను ఎందుకు పెడతాడు? అద్దెవాడు పరాయి ఇంటికి మూడు వేలు ఎందుకు పోస్తాడు? నీ లెక్కలో ఇద్దరూ ఒకే మనిషైనట్టు వేశావు.

మేనకోడలు: నిజమే, ఇది గట్టి మాట. ఫ్యాను వరకు దారి ఉంది. అది కొక్కేనికి తగిలించే వస్తువు, ఇల్లు మారినప్పుడు గ్యాసు పొయ్యి, ఫ్రిజ్ పట్టుకుపోయినట్టే విప్పుకుని పట్టుకుపోవచ్చు. పాత ఫ్యానును అటక మీద పెట్టి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తగిలించి వెళ్తే ఇంటివాడికీ పేచీ ఉండదు. డాబా మాత్రం మోసుకుపోలేం. అపార్టుమెంటులో అయితే ఇంకా చిక్కు. పై అంతస్తు వాళ్లే ఉడికిపోతారు, టెర్రసు మాత్రం అందరిదీ. ఖర్చు ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోతుంది.

మామయ్య: మా అపార్టుమెంటులో అంతే. అయిదో అంతస్తులో రెండు కుటుంబాలూ అద్దెకున్నవే. ఓనర్లు ఇక్కడ లేరు, మీటింగులకు రారు. లిఫ్టుకు, మోటారుకు మెయింటెనెన్సు కడతారు కనుక ఆ డబ్బులోంచి సున్నం కొట్టిద్దామంటే కింద అంతస్తుల వాళ్లు మాకేం లాభమని అడుగుతారు.

మేనకోడలు: కామన్ మీటరు బిల్లు తీసి చూపించండి. మెట్ల లైట్లన్నీ పాత చోక్ ట్యూబులే కదా. ఒక్కోటి యాభై వాట్ల పైన తీసుకుంటుంది, రాత్రంతా వెలుగుతుంది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఒక్కో ట్యూబు మీద పన్నెండు గంటలకు మూడో వంతు యూనిట్ పైన మిగులుతుంది. అయిదు అంతస్తులకు అయిదనుకున్నా నెలకు యాభై యూనిట్లు. ముందు అది చేయించండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. అందులో మిగిలింది ఒక ఏడాది కూడబెట్టి సున్నానికి పెడదామనండి. ఎవరి జేబులోంచీ కొత్తగా రూపాయి పోదు.

మామయ్య: ఏడాది ఆగితే ఈ ఎండాకాలం పోతుంది కదమ్మా.

మేనకోడలు: ఈ ఏడాదికి పైవాళ్ల పడమటి కిటికీలకు బయట షేడ్ నెట్ కట్టిద్దాం, దానికి అసోసియేషన్ తీర్మానం అక్కర్లేదు. సున్నం వచ్చే ఫిబ్రవరికి. మార్చి రాకముందే ఎండిపోవాలి.